దొంగతో పాటు వినేవాడు కూడా చీకట్లోనే ఉండాలి

ఒరేయ్ నాన్నా,

నువ్వు పంపిన స్క్రిప్టు మొత్తం చదివాను. దాన్ని పాడ్‌కాస్ట్ అను, ఆడియో సిరీస్ అను, నాకు మాత్రం అది రేడియో నాటకమే. ఆకాశవాణి నాటక విభాగంలో జీతం తిన్నదాన్ని కాబట్టి కాస్త కటువుగానే మాట్లాడతాను, ఏమనుకోకు.

ఇంగ్లీషు రచయిత హార్నంగ్ రాసిన రాఫిల్స్ అనే పెద్దమనిషి దొంగ కథల్ని ఎంచుకోవడం మంచి పని. ఆయన 1921లో పోయాడు, మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లకి కాపీరైటు తీరిపోతుంది, కాబట్టి ఆ టెన్షన్ లేదు. కాకపోతే ఆ కథల మీద తర్వాత వచ్చిన సినిమాలు, సీరియళ్లు, రేడియో స్క్రిప్టులు వేరే వాళ్ల సొత్తు. వాటిలోంచి ఒక్క డైలాగు కూడా ఎత్తకు, దొంగ కథ రాస్తూ దొరికిపోతే బావుండదు. బీబీసీ రేడియో 4 వాళ్లు 1980ల్లో చేసింది వినొచ్చు, అందులో రాఫిల్స్‌గా జెరెమీ క్లైడ్, వాడి వెంట తిరుగుతూ కథ చెప్పే స్నేహితుడు బన్నీగా మైకేల్ కాక్రేన్ చేశారు. ఆ క్లైడ్ అనే ఆయన 1960ల్లో చాడ్ అండ్ జెరెమీ అని పాప్ పాటలు పాడిన జంటలో ఒకడు. అసలు సంగతేంటంటే ఆ గొంతులో ఎక్కడా బరువుండదు. నువ్వేమో రాఫిల్స్‌కి డబ్బింగ్ సినిమా విలన్ లాంటి గంభీరమైన గొంతు చూశానని రాశావు. వద్దు. వాడు లండన్‌లో పికడిల్లీ పక్కన ఆల్బనీలో గదులు తీసుకుని, సిగరెట్టు కాలుస్తూ, పెద్దింటి వాళ్లు విందుకి పిలిస్తే వెళ్లి నవ్వుతూ కబుర్లు చెప్పే క్రికెటరు. ఆ గొంతు విని ఎవరికీ అనుమానం రాకూడదు కదరా, వస్తే వాణ్ణి ఇంట్లోకి ఎవరు రానిస్తారు?

ఇక అసలు గొడవకి వస్తాను. నీ మొదటి ఎపిసోడ్ తెరవగానే వ్యాఖ్యాత వచ్చి "పగలు పెద్దమనిషి, రాత్రి గజదొంగ" అని చెప్పేశాడు. ఇంక వినేవాడికి ఏం మిగిలింది? మొదటి కథలో ఏం జరుగుతుందో మళ్లీ ఒకసారి చూడు. మార్చి 15 అర్ధరాత్రి, పేకాటలో ఓడిపోయి, బ్యాంకులో డబ్బు లేకుండా చెక్కులు రాసిచ్చిన బన్నీ, దిక్కు తోచక రాఫిల్స్ గదికి తిరిగొస్తాడు. స్కూల్లో తన సీనియరు, ఆదుకుంటాడేమోనని ఆశ. రాఫిల్స్ తన దగ్గర కూడా డబ్బు లేదంటాడు, ఆ తర్వాత బాండ్ స్ట్రీట్‌లో ఒక స్నేహితుణ్ణి అడుగుదాం పద అని తీసుకెళ్తాడు. చీకటింట్లోకి వెళ్లి, మెట్లెక్కి, అక్కడ స్నేహితుడూ లేడు ఎవరూ లేరు అని తెలిసే దాకా బన్నీకి తాము దొంగతనానికి వచ్చామన్న సంగతే తెలియదు. కింద నగల కొట్టు. బన్నీ గుండె ఎక్కడ జారిందో వినేవాడి గుండె కూడా సరిగ్గా అక్కడే జారాలి. అన్ని కథల్లోనూ రాఫిల్స్ తన ప్లాను పూర్తిగా చెప్పడు, బన్నీ సగం తెలిసీ తెలియక వెంటపడతాడు, ఆ సగం తెలియనితనమే నీ నాటకం. అందుకే ప్రతి సీన్లోనూ బన్నీకి తెలిసినంతే మాకు తెలియాలి, ఒక్క ముక్క ఎక్కువ వద్దు. వ్యాఖ్యాతని పూర్తిగా తీసెయ్, ఆ పని బన్నీదే.

బన్నీ కథ చెప్తున్నప్పుడు గొంతు వేరు, సీన్లో మాట్లాడేటప్పుడు గొంతు వేరు. చెప్పే బన్నీ జైలుకెళ్లొచ్చినవాడు, అన్నీ అయిపోయాక గుర్తు చేసుకుంటున్నవాడు. ఒకే నటుడితో చేయించు, చెప్పేటప్పుడు మైకుకి జానెడు దూరంలో కూర్చోబెట్టి, గది ప్రతిధ్వని ఏమాత్రం లేకుండా, నెమ్మదిగా. సీన్లోకి రాగానే కాస్త వెనక్కి జరిపి, గది తెలిసేలా, కంగారుగా. ఇంత చేస్తే చాలు, "ఫ్లాష్‌బ్యాక్" అని చెప్పడానికి వీణ మీటు అక్కర్లేదు.

పిస్తోలు సీను చాలా పాడు చేశావు. "అయ్యో బన్నీ, నీ చేతిలో పిస్తోలు! దాన్ని నీ కణతకి ఎందుకు పెట్టుకున్నావు!" అని రాఫిల్స్ చేత అనిపించావు. కళ్లు లేని వాళ్లకి వర్ణించినట్టు పాత్రలు ఒకరికొకరు కనపడేవన్నీ చెప్పుకోవడం మా రోజుల్లోనూ చెడ్డ రేడియో నాటకానికి మొదటి గుర్తు. పైగా కథలో ఉన్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. బన్నీ పిస్తోలు తీసి కణతకి ఆనించుకుంటే రాఫిల్స్ ఆపడు, భయపడడు, ఆశ్చర్యంగా, మెచ్చుకోలుగా, ఏం చేస్తాడో చూద్దామన్నట్టు నిలబడి చూస్తాడు. వాడెలాంటి వాడో మొత్తం ఆ చూపులో ఉంది. అక్కడ ఇనుము చప్పుడు చిన్నగా ఒక్కటి, ఆ తర్వాత ఏమీ లేదు, ఆ తర్వాత చెప్పే బన్నీ గొంతులో రెండు వాక్యాలు. ఆ "ఏమీ లేదు"ని తగ్గించమని ఎడిటింగ్ కుర్రాడు గోల పెడతాడు, వినకు. శారదా శ్రీనివాసన్ గారి పాత రేడియో నాటకాలు దొరికితే విను, మాటకీ మాటకీ మధ్య ఆవిడ ఎలా ఆగేవారో గమనించు.

దొంగతనం సీన్లన్నీ గుసగుసల్లో రాశావు. చదవడానికి బాగుంది, వినడానికి పనికిరాదు. గుసగుసలో గొంతు మోగదు, గాలి మాత్రమే వస్తుంది, అందుకని ఇద్దరు మగవాళ్లు గుసగుసలాడితే ఎవరు మాట్లాడుతున్నారో అమ్మకి కూడా తెలియదు, ప, ఫ వచ్చిన చోటల్లా మైకులో గాలి కొడుతుంది. లోగొంతుకతో మాట్లాడించు, ఎక్కడో ఒక్క మాట మాత్రం నిజం గుసగుసగా వదులు. ఇక ఆ సీన్ల కింద సంగీతం అస్సలు వేయకు. రాఫిల్స్ డ్రిల్లుకి నూనె పట్టించేది చప్పుడు కాకూడదనే కదా, నువ్వేమో వాడు నూనె పట్టిస్తుంటే వెనక వయొలిన్లు వాయిస్తున్నావు. చప్పుడే అక్కడ ప్రమాదం. తలుపు కిర్రుమంటే వినేవాడు ఉలిక్కిపడాలంటే అంతకు ముందు వాడికి నిశ్శబ్దం అలవాటు చేయాలి.

మన శ్రోతలకి చదువుకున్న దొంగ ఎక్కుతాడా అని అడిగావు. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు బ్రాహ్మడు, ప్రియురాలి కోసం చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తూ, గోడకి ఏ ఆకారంలో కన్నం పెడితే అందంగా ఉంటుందో ఆలోచించుకుంటాడు, కొలతాడు మర్చిపోయి జంధ్యంతో కొలుస్తాడు. మనకి కొత్తేం కాదులే. అలాగని లండన్‌ని తెచ్చి సికింద్రాబాద్‌లో పెట్టకు. ఆ కాలపు ఇంగ్లండ్‌లో పెద్దమనిషి అన్న హోదా ఎంత రక్షణో తెలిస్తేనే ఈ కథలు అర్థమవుతాయి. క్రికెట్ కథ ఒకటి ఉంది చూశావా, లార్డుగారి ఇంట్లో మ్యాచ్ ఆడటానికి వెళ్లేది. డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లు జెంటిల్మెన్, జీతానికి ఆడేవాళ్లు ప్లేయర్స్, ఈ రెండు జట్లకీ 1806 నుంచి 1962 దాకా మ్యాచ్‌లు జరిగాయి. రాఫిల్స్ క్రికెట్‌లో జెంటిల్మన్, బతుకుతెరువు మాత్రం దొంగతనం. మనవాళ్లకి క్రికెట్ చెప్పక్కర్లేదు కాబట్టి ఈ ఒక్క తేడా బన్నీ చేత ఒక వాక్యంలో అనిపించు. ఆ ఎపిసోడ్‌కి నువ్వు రాసిన రేడియో కామెంటరీ మాత్రం కొట్టెయ్, బాబూ, కథ అంతకు ముందు కాలానిది, బీబీసీ పుట్టిందే 1922లో!

బన్నీ అన్న పేరు వినగానే మనవాళ్లకి అల్లు అర్జున్ గుర్తొస్తాడు, తప్పదు. మొదటి సీన్లో రాఫిల్స్ చేత ఒకసారి నవ్వుతూ "మాండర్స్" అని పిలిపించి, స్కూలు రోజుల ముద్దుపేరుగా "బన్నీ"లోకి దింపు, ఐదు నిమిషాల్లో అలవాటైపోతుంది.

ఇంకో విషయం, మూడో ఎపిసోడ్ చివర రాఫిల్స్ చేత నగలమ్మిన డబ్బు అనాథాశ్రమానికి ఇప్పించావు. ఎవరడిగార్రా నిన్ను? వాడు పేదల కోసం దోచడు, డబ్బైపోయినప్పుడు దోస్తాడు, ఆట కోసం దోస్తాడు. ఒక కథలో తన గుట్టు తెలిసిన దొంగసొత్తు వ్యాపారిని చంపడానికే బయల్దేరతాడు, ఈలోగా వేరేవాడు చంపేసి ఉంటాడు, అంతే. హార్నంగ్ బావమరిది షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్, ఆయనకి ఈ కథలు నచ్చినా దొంగని హీరో చేయకూడదని 1924లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాశాడు. ఆ గిల్లుడు వినేవాడికి కూడా ఉండనీ, వీణ్ణి ఇష్టపడుతున్నానేంటి అని వాడే అనుకోవాలి. నువ్వు అనాథాశ్రమం పెట్టి ఊరడించకు.

సీజను ఓడ కథతో ముగించు, మొదటి పుస్తకం కూడా అక్కడే ఆగుతుంది. ఇన్‌స్పెక్టర్ మెకెంజీ పట్టుకున్నాక రాఫిల్స్ సముద్రంలోకి దూకేస్తాడు, బన్నీ సంకెళ్లతో మిగులుతాడు. నీళ్ల చప్పుడు వేయకు. ఓడ ఇంజను చప్పుడు మొదటి నుంచీ నడిపించి, కేకలు, పరుగులు ఆగిపోయాక కూడా దాన్నే నడవనీ. వాడు పడ్డాడా, ఈదాడా, చచ్చాడా అన్నది రెండో సీజను దాకా నీ దగ్గరే ఉంచుకో. ఫ్రెంచి వాళ్ల కథల్లోని పెద్దమనిషి దొంగ లూపాన్ సంగతి ఆ తర్వాత చూద్దాం, ఇద్దర్నీ ఒకే సిరీస్‌లో కలిపితే ఎవరూ మిగలరు.

సవరించిన మొదటి ఎపిసోడ్ ప్రింటు తీసి పంపించు, ఫోన్లో చదవడం నా వల్ల కాదు. ఎడమ పక్క బాగా ఖాళీ వదులు, ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకునే కూర్చుంటాను.

మీ అత్తయ్య