తుప్పు పట్టిందా, పడిందా?

సందేహం: గోడల పూతపని నేర్చుకునేవాళ్ళకోసం ఒక చిన్న సూచనల కాగితం తయారుచేస్తున్నాను. అందులో ‘పని పూర్తయిన వెంటనే శుభ్రపరచడం జరగకపోతే తాపీలకు తుప్పు పడతాయి, ఒకసారి తుప్పు పడిన తాపీ పూతమీద గీతలు పెడుతుంది’ అని రాశాను. ఒక మిత్రుడు ‘తుప్పు పడడం’ తప్పంటాడు, ఇంకొకాయన ‘చిలుము’ అనాలంటారు. ఏది సరి? తాపీకి తాపంతో ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పింది నిజమే. ఇక్కడ క్రియ పట్టు, పడు కాదు. కొట్టు కొడుతుంది, పెట్టు పెడుతుంది అయినట్టే పట్టు కూడా పడుతుంది అవుతుంది కాబట్టి ‘తుప్పు పడుతుంది’ దాకా మీకు ఇబ్బంది లేదు. ఆ రూపం చూసి మూలం పడు అనుకుని ‘పడింది, పడిన’ అని వెనక్కి వెళ్ళారు, అక్కడ వచ్చింది చిక్కు. ‘గంట పడుతుంది’ అంటాం గానీ జరిగిపోయాక ‘గంట పడింది’ అనం కదా, ‘గంట పట్టింది’ అంటాం. ఇదీ అంతే.

ఇక తుప్పు. దీని పాత రూపం త్రుప్పు. ప్రొద్దు పొద్దయింది, క్రొత్త కొత్తయింది, త్రాగు తాగయింది, త్రుప్పు కూడా అదే దారిన రేఫ పోగొట్టుకుంది. అయితే ఆ రేఫ అక్కడికి ఎలా వచ్చిందన్నది ఇంకా మంచి కథ. తమిళంలో ఇనుముకు పట్టేదాన్ని తురు అంటారు, మలయాళంలో తురుంబు. అక్కడ త తర్వాత అచ్చు, ఆ తర్వాత ర. తెలుగు ఆ అచ్చును వెనక్కి నెట్టి రేఫను ముందుకు లాగి త్రు చేసుకుంది. తమిళంలో మరం, మనకు మ్రాను, అదీ ఇలాంటిదే. ముందు రేఫను మాట మొదట్లోకి తెచ్చుకున్నాం, తర్వాత నాలుక బద్ధకించి దాన్ని వదిలేశాం. మ్రాను మాను అయింది, త్రుప్పు తుప్పు అయింది. ఇంత ప్రయాణం చేసిన మాటను పక్కనపెట్టి ‘క్షయీకరణం’, ‘తుప్పు నివారణ చర్యలు చేపట్టడం’ అని రాసేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. తుప్పు పట్టకుండా చూసుకోండి అంటే చాలదా? ‘శుభ్రపరచడం జరగకపోతే’ కూడా కొట్టేయండి. కడగకపోతే అనండి.

చిలుము అన్న పెద్దమనిషి మాట మరీ కొట్టిపారేయలేను. చిలుమును తుప్పు అన్న అర్థంలో వాడినవాళ్ళు లేకపోలేదు. కానీ వాడుకలో అది రాగి ఇత్తడి సామానుకు పట్టే పచ్చటి పొరకే ఎక్కువ చెల్లింది. కన్నడంలో అదే కిలుబు. చెవికి కివి, చెడుకు కెడు ఉన్నట్టే మన చకు వాళ్ళ క. ఈ తేడా లోహాల స్వభావంలోనూ ఉంది: చిలుము రాగిని కప్పి, లోపలిదాన్ని చాలావరకు కాపాడుతుంది, తుప్పు పెళ్ళలుగా ఊడిపోతూ కింది ఇనుమును మళ్ళీ గాలికీ తడికీ అప్పగిస్తుంది. ఉక్కు తాపీకి తుప్పనే రాయండి. (ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం వేరు.)

‘తాపీకి తుప్పు పట్టింది’ అనాలా, ‘తాపీ తుప్పు పట్టింది’ అనాలా అని మీరు అడగలేదు గానీ మీ వాక్యంలో అసలు పొరపాటు అక్కడే ఉంది. మొదటిదాంట్లో కర్త తుప్పు, అందుకని తాపీలు ఎన్నున్నా ‘తాపీలకు తుప్పు పట్టింది’. రెండోదాంట్లో తుప్పుపట్టు అంతా కలిసి ఒకే క్రియ, కర్త తాపీ, అప్పుడు ‘తాపీలు తుప్పు పట్టాయి’. మీరు అటు కు, ఇటు బహువచనం రెండూ పెట్టి ‘తాపీలకు తుప్పు పడతాయి’ అన్నారు, అది మాత్రం కుదరదు. ఆ రెంటిలో నా చెవికి మొదటిదే ఇంపు. ‘వాడికి నిద్ర పట్టింది’ అంటాం గానీ ‘వాడు నిద్ర పట్టాడు’ అనం. అయినా ‘రొట్టె బూజు పట్టింది’, ‘గోడ పాచి పట్టింది’ అని అందరూ అంటున్నప్పుడు రెండోదాన్ని తప్పనే ధైర్యం నాకు లేదు. ప్రాణంలేని వస్తువుల విషయంలో అది నిలదొక్కుకుంది.

ఇలా రాసి చూడండి: ‘పని కాగానే, సున్నమో సిమెంటో గట్టిపడకముందే తాపీని కడిగి, పిడి మొదట్లో చెమ్మ లేకుండా పొడిగుడ్డతో తుడిచి, రేకుకు పలచగా నూనె రాసి పొడిచోట పెట్టండి, లేకపోతే తుప్పు పడుతుంది. పట్టిన తుప్పును గరుకు కాగితంతో రుద్ది తీసేయండి, లేదంటే తెల్లటి పూతమీద గోధుమరంగు చారలు పడతాయి.’ ఈ చివరి ‘పడతాయి’ మాత్రం నిజంగా పడు.

తాపంతో సంబంధం లేదు. తట్టి అణిచే పనిముట్టును హిందీలో థాపీ అంటారు, మన తాపీని దానికి చుట్టమనుకోవడమే సబబు.