రెఫరెండమా, ప్రజాభిప్రాయ సేకరణా?

సందేహం: ‘స్కాట్లాండ్ స్వాతంత్ర్య ప్రజాభిప్రాయ సేకరణకు లేబర్ పార్టీ వ్యతిరేకం’ అని పత్రికలో చదివాను. మా ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీ కోసం పెట్టిన సభనూ ప్రజాభిప్రాయ సేకరణే అన్నారు. రెండూ ఒకటేనా? రెఫరెండం అంటే తప్పా?

సమాధానం: ఒకటి కావండి. మీ ఊళ్లో జరిగింది 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి పెట్టే సభ. వచ్చినవాళ్లు మాట్లాడతారు, అధికారులు అభ్యంతరాలు రాసుకుంటారు, వీడియో తీస్తారు. ఓటు ఉండదు. అక్కడ జరిగేది అచ్చంగా సేకరణే కాబట్టి మాట చక్కగా అతికింది. స్కాట్లాండ్‌లో 2014 సెప్టెంబరు 18న జరిగింది పోలింగు. ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశంగా ఉండాలా?’ అన్న ఒక్క ప్రశ్నకు 55.3 శాతం వద్దన్నారు, 44.7 శాతం ఉండాలన్నారు. ‘సేకరణ’లో ఈ తీర్పు ధ్వనించదు. అందుకే ఓటు ఉన్నచోట రెఫరెండం అనే రాయమంటాను.

మీరు చదివిన వాక్యంలో ఇంతకన్నా పెద్ద లోపం ఉంది. వ్యతిరేకం దేనికి? ఓటింగు జరపడానికా, స్వాతంత్ర్యానికా? ఈ రెండూ వేరు. 2012 అక్టోబరు 15న ఎడిన్‌బరా ఒప్పందంపై సంతకం చేసి రెఫరెండానికి దారి ఇచ్చింది అప్పటి బ్రిటన్ ప్రధాని, కన్జర్వేటివ్ నేత కామెరాన్. ఆయన పార్టీయే స్వాతంత్ర్యం వద్దని ప్రచారం చేసింది. అంటే అప్పట్లో వారి వైఖరి: ఓటింగు సరే, విడిపోవడం వద్దు. ఆ తర్వాత కన్జర్వేటివ్, లేబర్, లిబరల్ డెమోక్రాట్లు మళ్లీ ఓటింగు పెట్టడమే వద్దంటూ వచ్చారు. స్కాటిష్ నేషనల్ పార్టీ, గ్రీన్ పార్టీ వాళ్లు ఓటింగూ స్వాతంత్ర్యమూ రెండూ కావాలంటారు. లండన్ పార్లమెంటు సమ్మతి లేకుండా స్కాటిష్ పార్లమెంటు రెఫరెండం చట్టం చేయజాలదని 2022 నవంబరు 23న బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో జరపాలా వద్దా అన్నదే ముఖ్య వివాదమైంది. కాబట్టి ‘మరో రెఫరెండం జరపడానికి లేబర్ వ్యతిరేకం’ అని రాస్తే అయోమయం ఉండదు.

విభక్తి చేర్చేటప్పుడు ‘రెఫరెండంను, రెఫరెండంకు’ అని రాయకండి. దేశాన్ని, దేశానికి, దేశాలు అన్నట్టే రెఫరెండాన్ని, రెఫరెండానికి, రెఫరెండాలు.

ఇక మన నాయకులు ‘ఈ ఉపఎన్నిక మా పాలనకు రెఫరెండం’ అంటుంటారు. అది లాక్షణిక ప్రయోగం, తప్పేమీ కాదు. 2022లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అప్పటి స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ (అక్కడి ప్రభుత్వాధినేత) నికోలా స్టర్జన్ కూడా అప్పటికి రాబోతున్న సార్వత్రిక ఎన్నికలనే అలా చూస్తామన్నారు. ఆ వార్తను ‘ఎన్నికలను రెఫరెండంగా పరిగణిస్తాం’ అని రాయాలి. ‘రెఫరెండం జరుపుతాం’ అని రాస్తే ఆమె అననిది అన్నట్టవుతుంది.