నాన్నగారి లెన్సులు కొత్త కెమెరాకి పనికొస్తాయా?

ప్రశ్న: నాన్నగారి కేనన్ ఏఈ-1 రీలు కెమెరా, దాని ఎఫ్‌డీ లెన్సులు మూడు బీరువాలో ఉన్నాయి. ఒకటి 50 ఎం.ఎం. ఎఫ్1.8, ఒకటి 28 ఎం.ఎం. ఎఫ్2.8, ఇంకోటి 135 ఎం.ఎం. ఎఫ్3.5. నా దగ్గర ఉన్నది కూడా కేనన్ డీఎస్ఎల్ఆరే కాబట్టి ఒక అడాప్టర్ కొంటే సరిపోతుందా? మా తమ్ముడి దగ్గర సోనీ ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ ఉంది. వాడేమో అన్నీ అమ్మేసి కొత్త లెన్స్ కొనుక్కోమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మకండి. అలాగని మీ డీఎస్ఎల్ఆర్‌కి పెట్టే ప్రయత్నమూ చేయకండి. వాటికి సరైన చోటు మీ తమ్ముడి కెమెరా.

రెండూ కేనన్‌వే కదా, ఎందుకు కుదరదంటారా? 1987లో కేనన్ మౌంట్, అంటే లెన్స్ కెమెరాకి బిగుసుకునే చోటు, మార్చేసి ఈఎఫ్ తెచ్చింది. ఎఫ్‌డీ లెన్స్ మౌంట్ నుంచి ఫిల్ముకి ఉండాల్సిన దూరం 42 మిల్లీమీటర్లు. మీ డీఎస్ఎల్ఆర్‌లో మౌంట్ నుంచి సెన్సర్‌కి ఉన్నది 44. అంటే పాత లెన్స్ బాడీలోకి ఇంకో 2 మిల్లీమీటర్లు దిగి కూర్చోవాలి. అడాప్టర్ పెడితే దిగడం మాట అటుంచి, ఇంకాస్త ముందుకి జరుగుతుంది. అప్పుడు దగ్గరగా ఉన్న పువ్వు ఫోకస్ అవుతుంది కానీ దూరంగా ఉన్న కొండ ఎంత తిప్పినా అవదు. దీనికోసమే లోపల గాజు బిగించిన అడాప్టర్లు అమ్ముతారు. వాటితో దూరం ఫోకస్ అవుతుంది, కానీ బొమ్మలో పదును పోతుంది. మంచి లెన్స్ వెనక నాసిరకం గాజు పెట్టుకోవడానికి నేనైతే ఒప్పుకోను.

మీ తమ్ముడిది సోనీ ఈ-మౌంట్ కెమెరా. అందులో డీఎస్ఎల్ఆర్‌లో ఉండే అద్దం లేదు కాబట్టి ఆ దూరం 18 మిల్లీమీటర్లే. 42లోంచి 18 తీస్తే 24. అంత పొడవున్న ఖాళీ గొట్టం లాంటి అడాప్టర్ చాలు, మధ్యలో గాజు అక్కర్లేదు. లెన్స్ తన పాత ఇంట్లో ఉన్నట్టే పనిచేస్తుంది.

కొనేముందు లెన్సులు చూసుకోండి. రెండు మూతలూ తీసి, వెనకనుంచి టార్చి కాస్త ఏటవాలుగా వేసి, ముందునుంచి చూడండి. చిన్న చిన్న దుమ్ము కణాలుంటే టెన్షన్ పడకండి, ఫొటోలో తెలియదు. సాలెగూడులా కొమ్మలు కొమ్మలుగా అల్లుకుని ఉంటే మాత్రం అది ఫంగస్. అంచున కొద్దిగా ఉంటే వాడుకోవచ్చు, మధ్యదాకా పాకితే బొమ్మ మసకబారుతుంది. అలాంటిదాన్ని మిగతావాటికి దూరంగా, తేమ లేనిచోట పెట్టండి.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుపెట్టుకోండి. ఎఫ్‌డీ లెన్స్‌ని అడాప్టర్‌కి బిగించాక అపర్చర్ రింగ్ (లోపలికొచ్చే వెలుతురుని హెచ్చుతగ్గులు చేసేది) 16 దాకా తిప్పినా, ఆ వెలుతురుని అడ్డుకునే లోపలి బ్లేడ్లు కదలకపోవచ్చు. నా మొదటి ఎఫ్‌డీ లెన్స్‌తో నాకూ ఇదే జరిగింది. బ్లేడ్లు పట్టేశాయనుకుని స్క్రూలు విప్పాను. లోపలి ఆకులు జారి బల్లమీద పడ్డాయి. ఎన్ని రోజులు కూర్చున్నా మళ్లీ అమర్చలేకపోయాను. బంగారం లాంటి లెన్స్, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అసలు దానికి ఏ జబ్బూ లేదు. లెన్స్ వెనక ఒక చిన్న మీట ఉంటుంది, ఫొటో తీసే క్షణంలో పాత కెమెరా దాన్ని నెట్టేది. ఇప్పుడా పని అడాప్టర్ మీదున్న రింగ్ చేయాలి. దానిమీద ఓపెన్, లాక్ అని గుర్తులుంటాయి. లాక్ వైపు తిప్పితే బ్లేడ్లు మీ మాట వింటాయి.

ఇక కెమెరా మెనూలోకి వెళ్లి, లెన్స్ లేకపోయినా షట్టర్ పడేలా సెట్టింగ్ ఆన్ చేయండి. కెమెరాకి ఈ లెన్స్ కనపడదు కాబట్టి ఆ సెట్టింగ్ లేకపోతే క్లిక్ మనదు. ఫోకస్ పీకింగ్ కూడా ఆన్ చేస్తే ఫోకస్ పడిన అంచులు రంగులో మెరుస్తాయి. కానీ అపర్చర్ పూర్తిగా తెరిచిన ఎఫ్1.8 దగ్గర ఆ రంగుని నమ్మకుండా తెరమీద బొమ్మను పెద్దది చేసి చూడండి. ఒక మీటరు దూరంలో పదునుగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్ల లోపే. కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వస్తే, చెవి అప్పటికే మెత్తగా కరిగిపోయి ఉంటుంది. రింగ్ నెమ్మదిగా తిప్పుతుంటే ఆ పదును ముక్కు మీదనుంచి కంటిమీదకి పాకడం చూడాలి మీరు!

ఏపీఎస్-సీ సెన్సర్ ఫిల్ము కంటే చిన్నది కాబట్టి 50 ఎం.ఎం. మీకు 75లా కనిపిస్తుంది, ముఖాలు తీయడానికి హాయిగా ఉంటుంది. 135 అయితే 200 దాటుతుంది. చెయ్యి కదిలితే బొమ్మ చెదురుతుంది కాబట్టి షట్టర్ స్పీడ్ 1/250కి తగ్గనివ్వకండి. 28 మాత్రం 42 అయిపోతుంది, వెడల్పు పోయాక దానిలో విశేషం లేదు. దాన్ని ఏఈ-1తోనే ఉంచి, ఒక రీలు వేసి నాన్నగారు తీసినట్టే తీయండి.

పరుగెత్తే పిల్లల్నీ, పెళ్లి హడావిడినీ తీయాలంటే ఆటోఫోకస్ ఉన్న లెన్సే పట్టుకెళ్లండి. ఆ విషయంలో తమ్ముడు చెప్పేదీ నిజమే.

ప్రశ్న: నా దగ్గరున్న పాత సూపర్ టకుమార్ 50 ఎం.ఎం. ఎఫ్1.4 లెన్స్ టీ డికాక్షన్ రంగుకి తిరిగింది. పాడైపోయినట్టేనా? కేనన్ డీఎస్ఎల్ఆర్‌కి పడుతుందా?
- మరో పాఠకుడు

జవాబు: పాడవలేదు. ఆ లెన్స్‌లో కొన్ని గాజుల్లో థోరియం కలిపారు. దాని రేడియోధార్మికత వల్ల ఏళ్లు గడిచేకొద్దీ గాజు పసుపెక్కుతుంది. అతినీలలోహిత కాంతి తగిలితే రంగు విరుగుతుంది. రోజూ కొన్ని గంటలు ఎండలో పెడుతూ కొన్ని వారాలు ఓపిక పట్టండి. కింద గుడ్డ, కాగితం వద్దు, ఎండ ఒకచోట గుమిగూడి అంటుకుంటుంది. అల్యూమినియం రేకు మీద పెట్టి, మీరు దగ్గరే ఉండండి. ఫొటోలు తీసుకోవడానికి భయం లేదు, కానీ ఆ గాజుని గీకడం, అరగదీయడం చేయకండి.

ఇది ఎం42 మౌంట్, అంటే స్క్రూలా తిప్పి బిగించే రకం, దీనికి కావాల్సిన దూరం 45.46 మిల్లీమీటర్లు. మీ బాడీ 44 కాబట్టి గాజు లేని పల్చటి రింగ్ చాలు. ఫుల్‌ఫ్రేమ్ బాడీ (సెన్సర్ ఫిల్మంత పెద్దగా ఉండేది) అయితే మాత్రం, దూరానికి ఫోకస్ చేసినప్పుడు లెన్స్ వెనక భాగం అద్దానికి తగిలే అవకాశం ఉంది. మొదటి క్లిక్ లైవ్ వ్యూలో, అంటే వెనక తెరమీద చూస్తూ, అద్దం పైకెత్తి ఉండగానే తీయండి.