ఆశా కార్యకర్త వస్తే బిడ్డను చూపించాలా?

ప్రశ్న: నాకిది తొలి కాన్పు. ప్రభుత్వ ఆసుపత్రిలో పాప పుట్టి పదకొండు రోజులైంది. పుట్టినప్పుడు బరువు 2.3 కిలోలు. ఇప్పుడు పుట్టింట్లో ఉన్నాను. మా ఆయన ఆటో నడుపుతారు. ఆశా కార్యకర్త రెండుసార్లు వచ్చి పాపను తూచింది. ఏడో రోజున 2.2 కిలోలే ఉంది. తూచడం వల్లే దిష్టి తగిలి బిడ్డ తగ్గిందని, పురిటి గదిలోకి ఇక ఎవరినీ రానివ్వనని మా అమ్మ పట్టుబడుతోంది. ఆశా డాక్టరు కాదు, నర్సూ కాదు. రాకపోతే నష్టమేమిటి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: రానివ్వండి. 14వ రోజు తూకాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దు.

తొలి రోజుల్లో దాదాపు ప్రతి బిడ్డా కొంత బరువు తగ్గుతుంది. ఒంట్లోని అదనపు నీరు పోతుంది, తల్లికి పాలు ఇంకా పూర్తిగా పడవు. పుట్టిన బరువులో పదో వంతు లోపు తగ్గితే భయం లేదు. మీ పాప తగ్గింది వంద గ్రాములే. అయితే రెండో వారం చివరికి మళ్లీ 2.3 కిలోల దగ్గరికి రావాలి, ఆపైన రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డ ఒంట్లో వేడి నిలవదు, పాలు గట్టిగా చప్పరించే ఓపికా తక్కువే. నీరసించి కళ్లు తెరవని బిడ్డను చూసి ‘బుద్ధిగా నిద్రపోతోంది’ అని ఇంటిల్లిపాదీ సంతోషించే సందర్భాలుంటాయి. కాటా మీద పెడితే అసలు సంగతి తెలిసిపోతుంది.

ఆశా డాక్టరు కాదన్నది నిజమే. కానీ నిమిషం పాటు గడియారం చూస్తూ బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, చంకలో థర్మామీటరు పెట్టి వేడి చూడటం, బొడ్డు పరీక్షించడం ఆమెకు నేర్పారు. ఈ పనుల విలువ తెలిసింది మన పొరుగునే, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అక్కడి పల్లె మహిళలకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. అలా చూసిన గ్రామాల్లో నవజాత శిశువుల మరణాలు మిగతా గ్రామాలతో పోలిస్తే 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. 2011 నుంచి దేశమంతటా ఆశాలు ఇలా ఇళ్లకు వస్తున్నారు. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. మీరు పైసా ఇవ్వనక్కర్లేదు, పాపను చూపించడానికి మీ ఆయన ఒక రోజు బండి ఆపుకోనక్కర్లేదు.

మీ అమ్మగారి మాటను కొట్టిపారేయకండి. పురిటి గదిలోకి అందరినీ రానివ్వని కట్టుబాటు బిడ్డను జలుబు, దగ్గు ఉన్న చుట్టాల నుంచి కాపాడుతుంది. ఆశాను కూడా సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బిడ్డను ముట్టుకోమని అడగండి, ఆమె ఏమీ అనుకోదు. ఆమె వెళ్లాక అమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. తేనె నాకించడం, సాంబ్రాణి పొగ పట్టించడం, బొడ్డుకు ఆముదమో పసుపో రాయడం మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. మీరు అలసిపోయినప్పుడు పాపను తన ఛాతీకి ఆనించి పడుకోబెట్టుకుని, పైన దుప్పటి కప్పుకోమనండి. తక్కువ బరువు బిడ్డకు ఒంటి వేడి కంటే మంచి మందు లేదు, అది అమ్మమ్మ కూడా ఇవ్వగలదు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలివ్వండి. పాప రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, ఒళ్లు చల్లబడినా, కాలినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా ఆశా వచ్చేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాదిలోపు బిడ్డలకు వైద్యం ఉచితం.

ఆమె వచ్చేది పాప కోసమే కాదు. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా, రెండు వారాలు దాటినా దిగులు వీడకున్నా దాచుకోకుండా చెప్పండి. ఐరన్ మాత్రలు ఆరు నెలలు వేసుకోవాలి. బాలింత నీళ్లు తాగకూడదన్న పథ్యం వద్దు, పాలిచ్చే తల్లికి దాహమైనప్పుడల్లా నీళ్లు కావాలి.

ఇంకో మాట. పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్లేటప్పుడే చాలా మంది బిడ్డలు ఆశాల లెక్కల్లోంచి జారిపోతుంటారు. బయలుదేరే ముందు ఇక్కడి ఆశాకు చెప్పండి, తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్లండి, అక్కడి ఆశా ఫోను నంబరు మీ ఆయనను ముందే తెలుసుకోమనండి. ఆరు వారాల టీకాలు, ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో జరిగే సందర్శనలు అక్కడ ఆమె చూసుకోవాలి.