గట్టు మీది అడవి రేగుకు గంగరేగు కళ్లంటు: మా చేనిలో నేర్చుకున్నది

నర్సరీ నుంచి తెచ్చి నాటిన రేగు అంట్లు రెండు వేసవుల్లోనూ ఎండిపోయాయనీ, అదే చేని గట్టు మీద ఎవరూ నీరు పోయని అడవి రేగు తుప్పలు మాత్రం పచ్చగా నిలిచాయనీ, వాటి మీదనే పెద్దకాయ రకమైన గంగరేగును ఇంట్లో మనమే అంటు కట్టుకోవచ్చా అనీ మీరు అడిగారు. తప్పకుండా కట్టుకోవచ్చు. అనంతపురం జిల్లాలోని మా ఎర్రనేలలో నేను ఆరేళ్లుగా చేస్తున్న పని ఇదే కనుక, నాకు పనికివచ్చిన పద్ధతినీ, నేను చేసిన తప్పులనూ వివరంగా రాస్తున్నాను.

మా ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అటువంటి చోట సంచిలో పెరిగిన అంటు ఎందుకు చస్తుందో ముందుగా అర్థం చేసుకోవాలి. రేగు విత్తనం మొలిచిన వెంటనే తల్లివేరును నేలలోకి సూటిగా దించుతుంది. సంచిలో ఆ వేరు అడుగుకు తగిలి చుట్టుకుపోతుంది, లేదా సంచి చీల్చుకుని నేలలోకి దిగితే నర్సరీవారు మొక్కను లేపేటప్పుడు తెగిపోతుంది. గట్టు మీది తుప్పకు ఆ వేరు ఏళ్ల క్రితమే రాళ్ల సందుల్లోంచి లోతుకు దిగి తడిని అందుకుని ఉంటుంది. అందుచేత మొక్కను తవ్వి తెచ్చి నాటడం కంటే, వేరు ఉన్న చోటికి మంచి రకం కన్నును, అంటే ఆకు మొదట్లో ఉండే చిగురు మొగ్గను, తీసుకుపోవడమే మెట్టభూమికి తగిన పని అని నా నమ్మకం. రాజస్థాన్‌లో బోర్డీ అని పిలిచే అడవి రేగు మీద ఇలా ఉన్నచోటనే కళ్లంటు కట్టే పద్ధతిని జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ చాలాకాలంగా సిఫారసు చేస్తోంది.

అయితే ముళ్లున్న ప్రతి తుప్పా పనికిరాదు. పొలాల వెంట రేగుతోపాటు దాని దగ్గరి చుట్టాలైన పరిమి, గొట్టి కూడా పెరుగుతాయి. పరిమి తీగలా పాకుతుంది, కాయ నల్లగా చిన్నదిగా ఉంటుంది. గొట్టికాయ తినడానికి పనికిరాదు. నేను ఈ రెండింటి జోలికి పోలేదు. ఆకు పైవైపు పచ్చగా, అడుగువైపు తెల్లటి నూగుతో ఉండి, పుల్లటి చిన్న కాయలు కాసే నాటు రేగునే ఎంచుకున్నాను. మీరు కూడా కాయ ఉన్న రోజుల్లోనే తుప్పలను గుర్తుపెట్టుకుంటే తరువాత పొరపాటు జరగదు. తుప్ప ఉన్నది ఉమ్మడి గట్టు అయితే, పక్క చేనివారితో ముందే ఒక మాట చెప్పుకోవడం మంచిది.

పని మొదలయ్యేది వేసవిలో, రేగు ఆకు రాల్చి విశ్రాంతిలో ఉన్నప్పుడు. ఏప్రిల్‌లో తుప్పను నేలకు జానెడు ఎత్తున రంపంతో నున్నగా కోసివేస్తాను. కోసిన ముళ్లకంపను పారవేయకుండా మోడు చుట్టూ గట్టిగా పేరుస్తాను, ఎందుకంటే కొత్త చిగురు వచ్చిన రోజే మేకలు దానిని వెతుక్కుంటూ వస్తాయి. మోడు నుంచి పది పదిహేను చిగుళ్లు లేస్తాయి. వాటిలో మొదలుకు దగ్గరగా, నిటారుగా, బలంగా ఉన్న మూడింటిని ఉంచి మిగిలినవన్నీ తీసివేయాలి. జూలైలో తొలకరి తడి దిగేసరికి ఆ మూడూ పెన్సిలంత లావు అవుతాయి. ముసలి కొమ్మ మీద కన్ను నిలవదు. ఈ ఏటి లేత కొమ్మ మీదనే నిలుస్తుంది.

అంటు కట్టే అదనును తేదీని బట్టి కాక బెరడును బట్టి చూసుకోవాలి. చాకు మొనతో చిన్న గాటు పెట్టి బెరడును లేపితే అది కట్టె నుంచి తడిగా, తేలికగా విడిపోవాలి. పీచులా చిరిగి వస్తే చెట్టులో రసం ఆడడం లేదని అర్థం. అప్పుడు తుప్ప మొదలుకు వారంపాటు రోజూ రెండు బిందెల నీళ్లు పోసి మళ్లీ చూడాలి. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక, సెలవు దొరికింది కదా అని పొడి రోజుల్లో కట్టిన నాలుగు కళ్లూ ఎండిపోయాయి.

మంచి రకం కన్ను ఎక్కడిది అన్నది అంతే ముఖ్యం. కాపు మీకు కళ్లారా తెలిసిన చెట్టు నుంచే, ఆ ఏటి కొమ్మ మధ్యభాగం నుంచి, ఉబ్బి ఉండీ ఇంకా చిగురించని కళ్లను తీసుకోవాలి. కొమ్మ కోయగానే ఆకులను కత్తిరించి తొడిమలు మాత్రం ఉంచి, తడి గుడ్డలో చుట్టి నీడన తేవాలి. ఒకసారి నేను దూరం నుంచి బస్సులో తెచ్చిన కొమ్మలు, ప్లాస్టిక్ సంచిలో వేడెక్కి, సాయంత్రానికే బెరడు కమిలిపోయింది. అప్పటినుంచి ఉదయం కోసి, మధ్యాహ్నంలోగా కట్టేంత దూరంలోనే చెట్టును చూసుకుంటున్నాను. రకాల విషయంలో, ఉమ్రాన్ కాయ పెద్దది, నిలవ ఉంటుంది, కానీ ఆలస్యంగా పండుతుంది. వాన మీదనే ఆధారపడే గట్టుకు ముందుగా పండే గోలా రకమే నాకు నచ్చింది, ఎందుకంటే నేలలో తడి ఆరిపోయేలోపు దాని కాయ ఊరుతుంది.

ఇక కట్టే తీరు. నేలకు జానెడు, జానెడున్నర ఎత్తులో, నాటు కొమ్మ నున్నగా ఉన్నచోట అడ్డంగా 1 సెంటీమీటరు, దాని నడుమ నుంచి కిందికి 2.5 సెంటీమీటర్ల గాటు పెట్టి, బెరడు అంచులను రెండు వైపులా మెల్లగా లేపాలి. మంచి కొమ్మ నుంచి కన్ను నడిమధ్యన వచ్చేలా డాలు ఆకారంలో 2.5 సెంటీమీటర్ల బెరడు ముక్కను చెక్కి, దాని పక్కనున్న ముల్లును కత్తిరించి, కన్ను పైకి చూసేలా గాటులోకి జార్చాలి. బెరడుకూ కట్టెకూ మధ్యనున్న పల్చటి జీవపొరలు రెండూ ఒకదానికొకటి ఆనుకున్నప్పుడే అతుకు పడుతుంది. అందుకే చెక్కిన ముక్క లోపలి వైపును వేలితో తాకకూడదు, గాలికి ఆరనివ్వకూడదు, మట్టి అంటనివ్వకూడదు. వెంటనే వేలెడు వెడల్పున్న పాలిథిన్ పట్టీతో కింది నుంచి పైకి, కన్ను ఒక్కటే బయట ఉండేలా బిగించి చుట్టాలి. ఇదంతా రెండు నిమిషాల్లో ముగియాలి. చేయి తిరిగేదాకా పనికిరాని కొమ్మల మీద యాభై సార్లయినా సాధన చేయండి.

పది పన్నెండు రోజుల తరువాత మిగిల్చిన తొడిమను వేలితో తాకి చూడాలి. తాకగానే రాలిపడి, కన్ను పచ్చగా ఉంటే అతుక్కున్నట్టే. తొడిమ నల్లబడి, ఎండి అంటిపెట్టుకుని ఉంటే కన్ను పోయినట్టు. అదే కొమ్మకు కొంచెం కింద, మరోవైపున ఆ సీజన్‌లోనే మళ్లీ కట్టవచ్చు. అతుకు పడిన కొమ్మను కన్నుకు జానెడు పైన సగం దాకా కోసి పక్కకు వంచితే కన్ను కదులుతుంది. చిగురు అడుగు ఎత్తయ్యాక ఆ పై భాగాన్ని పూర్తిగా తీసివేసి, చిగురును వెదురు పుల్లకు వదులుగా కట్టాలి. లేకపోతే ఒక్క ఈదురుగాలికి అతుకు దగ్గరే ఊడిపోతుంది. మూడు నాలుగు వారాలకు పట్టీని కోసివేయడం మరవకూడదు, కొమ్మ లావెక్కే కొద్దీ అది ఉరిలా బిగుస్తుంది.

నేను ఎక్కువగా నష్టపోయింది చాకు పనిలో కాదు, ఆ తరువాత. మొదటి ఏడాది పన్నెండు తుప్పలకు కడితే ఏడు అతుక్కున్నాయి. పని మీద నెలన్నర ఊళ్లో లేను. తిరిగివచ్చి చూస్తే అతుకు కింద నుంచి లేచిన నాటు చిగుళ్లు నిలువెత్తు పెరిగి, గంగరేగు చిగుళ్లు వాటి నీడలో పాలిపోయి ఉన్నాయి. మూడు మాత్రమే దక్కాయి. ఆ బలమైన వేరు తన సొంత కొమ్మనే ముందుగా పోషించుకుంటుంది. కనుక మొదటి రెండేళ్లు, ముఖ్యంగా వానాకాలంలో, పది రోజులకొకసారి చేతిలో కత్తెరతో గట్టు వెంట తిరగాల్సిందే. నాటు చిగురును చిన్న ఆకును బట్టీ, కొక్కెంలా వంగిన ముల్లును బట్టీ సులభంగా పోల్చుకోవచ్చు. దానిని సగానికి కత్తిరించకుండా మొదలంటా తీయాలి.

ఇందులోనే మరొక తప్పు కూడా చేశాను. రేగువడియాలకు పుల్లటి నాటు కాయే కావాలని మా అమ్మ అడిగితే, ఒక తుప్పకు ఒక నాటు కొమ్మను అలాగే వదిలాను. రెండేళ్లలో ఆ కొమ్మే చెట్టయింది, అంటు కొమ్మ చిక్కి పోయింది. ఇప్పుడు అమ్మ కోసం బావి పక్కన ఒక తుప్పను అసలు అంటు కట్టకుండా ఉంచాము. వడియాలకూ, సంక్రాంతికి పిల్లలకు పోసే భోగిపళ్లకూ ఆ చిన్న కాయలే వాడుతున్నాము. అయితే కాయపురుగు పుట్టించే ఈగ నాటు కాయల్లో కూడా పెరుగుతుంది కనుక, ఆ చెట్టు కింద రాలిన కాయలను కూడా మిగిలిన వాటితోపాటు ఏరి లోతుగా పూడ్చివేస్తున్నాము.

రెండో శీతకాలానికి మా చెట్లు ఒక్కొక్కటి మూడు నాలుగు కిలోల కాయ ఇచ్చాయి, పోసిన నీరు మొదటి వేసవిలో పోసినదే. రేగు ఆ ఏటి కొత్త కొమ్మ మీదనే కాస్తుంది కాబట్టి, కాపు అయిపోయి ఆకు రాలాక, ఏటా ఏప్రిల్, మే నెలల్లో నిరుటి కొమ్మలను కురచగా కత్తిరించాలి. మీ గట్టు మీద ఉన్న తుప్పల్లో ఈ ఏడాది సగం మాత్రమే కోసి కట్టండి, మిగిలిన సగం వచ్చే ఏడాదికి ఉంచండి. ఆకారం కుదరని మోడు ఏదైనా ఉంటే దాని ఫొటో, బెరడు లేపి చూసిన గాటు ఫొటో ఇక్కడ పెడితే చూసి చెబుతాను.