పాత షెడ్డులో ప్లేస్కూల్ పెట్టొచ్చా?

ప్రశ్న: కంచరపాలెంలో ఒక పాత షెడ్డు తక్కువ అద్దెకు వస్తోంది. ఒకప్పుడు అందులో థర్మామీటర్లు, బీపీ మెషిన్లు బాగుచేసేవారట. టైల్స్ వేయించి, రంగులు కొట్టించి ఇస్తానంటున్నారు ఓనరు గారు. ఏ వాసనా రావడం లేదు. అందులో ప్లేస్కూల్ పెట్టొచ్చా సార్?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అడ్వాన్సు ఇచ్చే ముందే అడిగారు, సంతోషం అమ్మా. వాసన లేదని మాత్రం ధైర్యపడకండి. ఆ థర్మామీటర్లలో, బీపీ మెషిన్లలో ఉండేది పాదరసం. పీలిస్తే హాని చేసే దాని ఆవిరికి రంగూ వాసనా ఉండవు.

ఫ్యాక్టరీల్లో సేఫ్టీ పని చేసే రోజుల్లో అలాంటి షెడ్డే ఒకటి చూశాను. నేల అద్దంలా ఉంది. మోకాళ్ల మీద కూర్చుని టార్చి నేలకు ఆనించి అడ్డంగా వేస్తే, గోడ వారన గచ్చు పగుల్లో ఆవగింజలంత పాదరసం చుక్కలు తళుక్కుమన్నాయి. మేకుతో కదిపితే ఒక్కటి పదై పరుగెత్తింది. రోజూ ఊడ్చిన నేలే అది. ఆ చీపురే వాటిని పగుళ్లలోకి తోసింది.

అమెరికాలోని న్యూజెర్సీలో ఇదే జరిగింది. పాత థర్మామీటర్ల ఫ్యాక్టరీలో పసిపిల్లల డేకేర్ పెట్టారు. 2006లో గాలి పరీక్షిస్తే పాదరసం బయటపడి మూసేశారు. పిల్లల మూత్రంలోనూ కనిపించింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

టైల్స్ వేస్తే పాదరసం పోదు, కింద దాక్కుంటుంది. పాత గచ్చు పెకలించాలి. చెక్క పలకలుంటే తీసేయాలి. సింకు కింద పైపు వంపు విప్పి చూడాలి, పాదరసం బరువుకి అక్కడే పేరుకుంటుంది. వాక్యూమ్ క్లీనర్ అసలు వద్దు, ఆవిరిని గదంతా చిమ్ముతుంది. గంధకం పొడి చల్లితే చాలంటారు కొందరు. అది తాను తగిలిన చుక్కనే కట్టిపడేస్తుంది, పగుల్లోది అలాగే ఉంటుంది. తీసిన శిథిలాలను చెత్తకుండీలో వేయనివ్వకండి. అనుమతి ఉన్నవాళ్లే పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేర్చాలి.

ఆ తర్వాత గాలిలో పాదరసం ఎంతుందో కొలిపించండి. 10 డిగ్రీల వేడి పెరిగితే ఆవిరి రెట్టింపు దాటుతుంది కాబట్టి, డిసెంబరు చలిలో వచ్చిన రీడింగును నమ్మొద్దు. ఎండాకాలంలో, రాత్రంతా తలుపులు మూసి ఉంచి, పాపాయి పాకే ఎత్తులో కొలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు, ఏడాది సగటున, ఘనపు మీటరు గాలికి 1 మైక్రోగ్రాము. ఆ రీడింగు కాగితం చేతికొచ్చాకే సంతకం పెట్టండి.