ఆల్బమ్ కొన్నాం సరే, చార్టులో లెక్క పడిందా?

మీరడిగారు, మేం చెబుతున్నాం

కమ్‌బ్యాక్‌ల (కొరియన్ గ్రూపులు కొత్త ఆల్బమ్‌తో మళ్లీ రావడం) కాలం వచ్చిందంటే మాకు వచ్చే ఉత్తరాల రంగే మారిపోతుంది. పాట ఎలా ఉందని ఎవరూ అడగరు, ఎన్ని కాపీలు పోయాయి, చార్టులో ఎక్కడ నిలిచింది అనే గొడవే. ఈసారి వచ్చినవాటిలో పదిమందికీ పనికొచ్చేవి ఏరి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా కొరియన్ గ్రూప్ ఆల్బమ్ మూడు కాపీలు కొన్నాను. రెండు ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌లో విడి వ్యాపారి దగ్గర, ఒకటి సీల్ తీసినది ఇంకో అభిమాని దగ్గర. "ఒక్కటీ బిల్‌బోర్డ్‌కి వెళ్లదు" అంటున్నారు. నేను పెట్టింది నిజం డబ్బే కదా!

జవాబు: డబ్బు నిజమే, కానీ అమ్మకం గురించి చార్టుకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అమెరికాలో ఈ లెక్కలు సేకరించే సంస్థ ల్యూమినేట్. 1991లో సౌండ్‌స్కాన్ పేరుతో మొదలైన పద్ధతే ఇప్పటికీ దానికి పునాది: దుకాణంలో బార్‌కోడ్ స్కాన్ అయితే ఆ అమ్మకం రిపోర్టులో చేరుతుంది. వెబ్‌సైట్ అయినా అంతే, రిపోర్టు పంపే దుకాణం అయి ఉండాలి. సీల్ తీసిన కాపీ మొదటిసారి అమ్ముడైనప్పుడే లెక్కలో పడిపోయింది, చేతులు మారినప్పుడల్లా మళ్లీ పడదు. విడి వ్యాపారి రిపోర్టు పంపడు. పైగా బిల్‌బోర్డ్ 200 అమెరికా ఆల్బమ్‌ల చార్టు. అమెరికాలో జరిగిన అమ్మకాలు, అక్కడి ఖాతాల్లో విన్న పాటలే దానికి లెక్క.

అమెరికా బయట ఉండేవాళ్లకు తేలికైన దారి కొరియా చార్టులు. వాటిలో ముఖ్యమైనవి హాంటియో, సర్కిల్. హాంటియోకు అమ్మకాల లెక్క పంపే దుకాణాలను ఫ్యామిలీ షాపులంటారు. యెస్24, అలాదీన్, కేటౌన్‌ఫర్‌యూ, వీవర్స్ షాప్ లాంటివి. విదేశాల నుంచి ఆర్డర్ పెట్టినా పడుతుంది. కొనేముందు ఉత్పత్తి పేజీ చివరిదాకా చదవండి. "హాంటియో, సర్కిల్ చార్టుల్లో లెక్కించబడుతుంది" అన్న వాక్యం చాలా దుకాణాలు పెడతాయి. పేజీలో ఏ చార్టు పేరు ఉందో దానికే అనుకోవడం క్షేమం. ఏ పేరూ లేకపోతే దేనికీ కాదనుకోండి.

ప్రశ్న: నెలల ముందే ప్రీఆర్డర్ చేశాను. విడుదలైన పది రోజులకుగానీ పార్సిల్ బయల్దేరలేదు. నా కాపీ మొదటి వారంలో పడిందా?

జవాబు: బిల్‌బోర్డ్ సంగతైతే పడలేదు. సీడీ అయినా వినైల్ (గ్రామఫోన్ రికార్డు) అయినా, మీకు పంపిన రోజే అమ్మిన రోజు. డబ్బు కట్టిన రోజుతో సంబంధం లేదు. ఒకప్పుడు ఒక వెసులుబాటు ఉండేది: వినైల్ ఆర్డర్ పెడితే డిజిటల్ ఆల్బమ్ వెంటనే ఇచ్చేసి, దాన్నే అమ్మకంగా చూపించేవారు. టీషర్టుతోనో కచేరీ టికెట్‌తోనో ఆల్బమ్ జతచేసి అమ్మడమూ ఉండేది. 2020 అక్టోబరులో ఈ రెండు తలుపులూ మూశారు. తర్వాత ఫ్యాన్ ప్యాక్ (వస్తువుతో జతచేసిన ఆల్బమ్) పేరుతో షరతులు పెట్టి కొంత సడలించారుగానీ, పాత రోజులు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి ప్రీఆర్డర్ పెట్టేటప్పుడు చూడాల్సింది పంపే తేదీ. విడుదల తేదీకే పంపుతామని ఉందా, "సుమారు ఆరు వారాల్లో" అని ఉందా? వినైల్ తరచూ ఆలస్యమవుతుంది. మొదటి వారమే ముఖ్యమైతే సీడీ తీసుకోండి. చాలామంది దెబ్బతినేది ఇంకోచోట: ఆల్బమ్‌నీ, రెండు నెలల తర్వాత వచ్చే హుడీనీ ఒకే ఆర్డర్‌లో పెడతారు. చాలా దుకాణాలు అన్నీ సిద్ధమయ్యాకే ఒకే పెట్టెలో పంపుతాయి. హుడీ కోసం ఆల్బమ్ గోడౌన్‌లో కూర్చుంటుంది. ఆల్బమ్‌కు విడిగా ఆర్డర్ పెట్టండి, రవాణా ఖర్చు కాస్త ఎక్కువైనా సరే. ఇంకో సంగతి, కొన్ని దుకాణాలు పార్సిల్ పంపే రోజే కార్డులో డబ్బు తీసుకుంటాయి. ఈలోగా కార్డు గడువు తీరితే ఆర్డర్ ఆగిపోతుంది, ఆ మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది. విడుదలకు వారం ముందు ఒకసారి ఆర్డర్ పేజీ తెరిచి చూసుకోండి.

డిజిటల్ ప్రీఆర్డర్ విడుదల రోజున లెక్కకొస్తుంది. ఐట్యూన్స్ జాబితాలో మాత్రం ప్రీఆర్డర్లు ఎప్పటికప్పుడు కనిపిస్తాయి. అది చూసి విడుదలకు ముందే "నంబర్ వన్" అని పోస్టర్లు వేసేస్తుంటారు. సంబరం బాగానే ఉంటుంది, కానీ అది బిల్‌బోర్డ్ కాదు.

ప్రశ్న: కొన్ని ఆల్బమ్‌లు సియోల్‌లో శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తాయి, కొన్ని సోమవారం సాయంత్రం ఆరింటికి. ఎందుకీ తేడా?

జవాబు: అమెరికా చార్టు వారం శుక్రవారం మొదలై గురువారం రాత్రి ముగుస్తుంది. 2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త సంగీతం శుక్రవారమే విడుదల చేయాలన్న ఆనవాయితీ వచ్చింది, వారం కూడా దానికి తగ్గట్టు సర్దుకుంది. వేసవిలో న్యూయార్క్ కంటే సియోల్ 13 గంటలు ముందుంటుంది. అంటే సియోల్‌లో శుక్రవారం ఒంటిగంట అక్కడ సరిగ్గా అర్ధరాత్రి. ఏడు రోజులూ నిండుగా దక్కుతాయి. చలికాలంలో తేడా 14 గంటలు, అందుకే అప్పుడు కొన్ని కంపెనీలు రెండింటికి విడుదల చేస్తాయి. సోమవారం ఆరింటికి వచ్చిందంటే కంపెనీ చూపు కొరియా చార్టుల మీద ఉందని అర్థం. అమెరికా వారంలో దానికి దక్కేది నాలుగు రోజులే.

ప్రశ్న: మా బృందం రాత్రంతా ఫోన్ సౌండ్ తీసేసి ప్లేలిస్ట్ నడపమంటోంది. ఎన్నిసార్లు వింటే ఒక ఆల్బమ్ అమ్మినట్టు?

జవాబు: ముందు లెక్క చూద్దాం. 2026 జనవరి నుంచి బిల్‌బోర్డ్ 200కు చందా కట్టిన ఖాతాల్లో 1,000 స్ట్రీమ్‌లు (పాట ఒకసారి వింటే ఒక స్ట్రీమ్) ఒక ఆల్బమ్‌తో సమానం. ప్రకటనలతో ఉచితంగా వినే ఖాతాల్లో అయితే 2,500 కావాలి. అంతకుముందు, 2018 నుంచి, ఇవి 1,250, 3,750గా ఉండేవి. వాట్సాప్‌లో తిరిగే "గైడ్లు" చాలావాటిలో ఇంకా పాత అంకెలే ఉన్నాయి. ఇంకో మార్పు: 2026 జనవరి 16 తర్వాత యూట్యూబ్ తన లెక్కలు బిల్‌బోర్డ్‌కు పంపడం మానేసింది. కాబట్టి మ్యూజిక్ వీడియో ఎన్నిసార్లు తిప్పినా ఆ చార్టుకు ఏమీ చేరదు. వీడియోకు వ్యూస్ పెరుగుతాయి, అంతవరకే.

ఇప్పుడు 12 పాటల ఆల్బమ్‌ను రోజుకు మూడుసార్లు, వారమంతా విన్నారనుకోండి. 12, మూడు, ఏడు హెచ్చవేస్తే 252 స్ట్రీమ్‌లు. చందా ఖాతాలో పావు ఆల్బమ్, ఉచిత ఖాతాలో పదోవంతు. అంటే నలుగురు చందాదారులు వారం పొడవునా రోజుకు రెండు గంటలు వింటే ఒక సీడీతో సమానం. దీనికోసం నిద్ర పాడుచేసుకోవడం మా దృష్టిలో దండగ. మెలకువగా ఉన్నప్పుడు మనసుపెట్టి విన్నది చాలు.

ఎలా వినాలంటే: స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే స్ట్రీమ్ కింద లెక్క. ముందే దాటేస్తే సున్నా. ఆల్బమ్‌లో ఏ పాట విన్నా ఆల్బమ్ ఖాతాలో పడుతుంది కాబట్టి ఇష్టంలేని పాటను బలవంతంగా వినాల్సిన పనిలేదు. (బ్రిటన్ చార్టు దారి వేరు. అక్కడ ఎక్కువగా విన్న 16 పాటలే తీసుకుంటారు, వాటిలోనూ పైన ఉన్న రెండింటి బరువు తగ్గిస్తారు. ఒక్క హిట్‌తో ఆల్బమ్ పైకెక్కకూడదని.) డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా విన్నవి, ఫోన్ మళ్లీ నెట్‌కు కలిసినప్పుడే సర్వర్‌కు చేరతాయి. గురువారం లోపు ఒకసారి కలపండి.

ఇక సౌండ్ తీసేయడం, ఒకే పాట వందలసార్లు, ఒకేసారి పది ఖాతాలు... ఇలాంటి వాటిని పట్టుకునే వడపోత ప్రతి సంస్థ దగ్గరా ఉంది, సూత్రం మాత్రం బయటపెట్టరు. వడపోతలో పోయిన స్ట్రీమ్‌లు పోయినట్టే. అంతకంటే పెద్ద చిక్కు ఉంది. ఒక పాటకు కృత్రిమ స్ట్రీమ్‌లు మరీ ఎక్కువగా కనబడితే 2024 నుంచి స్పాటిఫై ఆ పాటను పెట్టిన లేబుల్ దగ్గరో డిస్ట్రిబ్యూటర్ దగ్గరో జరిమానా వసూలు చేస్తోంది. మీరు ముచ్చటపడి పెట్టిన బాట్‌కు బిల్లు మీ హీరో ఇంటికి పోతుంది.

ప్రశ్న: వీపీఎన్ పెట్టుకుని అమెరికా నుంచి విన్నట్టు చూపిస్తే?

జవాబు: వద్దండీ. ఖాతా ఏ దేశంలో తెరిచారో, చందా ఏ దేశపు కార్డుతో కట్టారో సంస్థకు తెలుసు. ఖాతా పోయే ప్రమాదం మీది, లాభం ఎవరికీ లేదు.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా అక్క కొంత డబ్బు పెడతానంటోంది. పాటలు విడివిడిగా కొనాలా, ఆల్బమ్ ఒకేసారి కొనాలా?

జవాబు: చార్టులో పది పాటల అమ్మకాలు కలిస్తే ఒక ఆల్బమ్. 12 పాటలు విడిగా కొంటే 1.2 యూనిట్లు వస్తాయి, కానీ ఖర్చు మొత్తం ఆల్బమ్ ధర కంటే బాగా ఎక్కువవుతుంది. ఆల్బమ్ చార్టే లక్ష్యమైతే ఆల్బమ్ కొనమనండి. ఒక మెలిక ఉంది: ఆల్బమ్ మొత్తం కొన్నప్పుడు అందులోని టైటిల్ పాట బిల్‌బోర్డ్ పాటల చార్టు హాట్ 100లో అమ్మకంగా పడదు. పాటను కూడా నిలబెట్టాలంటే ఆ ఒక్క పాటను విడిగా కొనాలి. అప్పుడు ఆల్బమ్‌కూ పదోవంతు చేరుతుంది. ఒకే ఖాతాలో అదే డిజిటల్ ఆల్బమ్‌ను మళ్లీ మళ్లీ కొనడం వృథా, గుంపు కొనుగోళ్లను తీసేస్తారు. కళాకారుల సొంత సైట్‌లో డిజిటల్ కాపీ కొంటే మెయిల్‌లో వచ్చే లింక్‌ను ఆ రోజే తెరిచి ఫైళ్లు దింపుకోమనండి. లింక్ గడువు దాటాక కస్టమర్ కేర్‌తో వాదన మిగులుతుంది.

స్ట్రీమింగ్ అంతా ఒక ఎత్తు, అమ్మకాలు ఒక ఎత్తు అనడానికి గుర్తు 2018. బీటీఎస్ ఆల్బమ్ 'లవ్ యువర్‌సెల్ఫ్: టియర్' బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానం చేరిన తొలి కే-పాప్ ఆల్బమ్. ఆ వారం దాని 1,35,000 యూనిట్లలో సుమారు లక్ష నేరుగా ఆల్బమ్ అమ్మకాలే.

ప్రశ్న: మా ఆల్బమ్‌కు హాంటియోలో ఒక అంకె, సర్కిల్‌లో అంతకంటే పెద్ద అంకె. ఏది అబద్ధం?

జవాబు: రెండూ నిజమే. హాంటియో కొనేవాడి చేతికి అమ్మిన కాపీలను లెక్కపెడుతుంది. సర్కిల్ (2022 వరకు గావోన్) కంపెనీ దుకాణాలకు పంపినవాటిలోంచి వెనక్కొచ్చినవి తీసేసి చూపిస్తుంది. షెల్ఫ్ మీద ఉన్న కాపీలు రెండోదాంట్లో ఉంటాయి, మొదటిదాంట్లో ఉండవు. అభిమానులు 'చోదోంగ్' అని గుండెలు పట్టుకుని చూసేది హాంటియో తొలి ఏడు రోజుల అంకె. 2023లో స్ట్రే కిడ్స్ '5-స్టార్' ఆ ఏడు రోజుల్లో 46 లక్షలు దాటింది. 2,50,000 కాపీలకు ప్లాటినం, పది లక్షలకు మిలియన్ అనే ధ్రువపత్రాలు మాత్రం సర్కిల్ లెక్క ప్రకారం ఇస్తారు.

ప్రశ్న: గ్రూప్ ఆర్డర్‌లో చేరితే మంచిదా? ఆల్బమ్‌లో వచ్చే సభ్యుల ఫొటోకార్డుల కోసం ఎక్కువ కాపీలు కొనాలని ఉంది.

జవాబు: రవాణా ఖర్చు పంచుకోవడానికి గ్రూప్ ఆర్డర్‌ను మించింది లేదు. కానీ చేరేముందు నిర్వాహకులను నాలుగు సంగతులు అడగండి. ఏ దుకాణంలో కొంటారు, ఆర్డర్ ఏ రోజు పెడతారు, రవాణా డబ్బు ఇప్పుడే కట్టాలా లేక పెట్టె తూకం వేశాక రెండో విడతగానా, పగిలిన కేసులకు బాధ్యత ఎవరిది? వీటికి రాతపూర్వకంగా జవాబు రాకపోతే చేరకండి. ఆర్డర్ పెట్టాక దుకాణం రసీదు ఫొటో పంపమనండి, చిరునామా, కార్డు అంకెలు చెరిపేసి పంపుతారు. అందులో దుకాణం పేరు, కాపీల సంఖ్య, తేదీ కనబడాలి. చార్టు కోసం చేరినవాళ్లకు తేదీయే ప్రాణం. డబ్బు అందరి దగ్గరా పోగయ్యేదాకా ఆగి, వారం దాటాక ఆర్డర్ పెట్టే నిర్వాహకులు బోలెడుమంది. చోదోంగ్‌కు ఆ పెట్టె పనికిరాదు.

ఫొటోకార్డులు గుడ్డిగా వస్తాయి, ఎవరిది వచ్చిందో తెరిచేదాకా తెలియదు. ఎనిమిదిమంది గ్రూప్‌లో మీకిష్టమైన ఒక్కరి కార్డు కోసం ఎనిమిది కాపీలు కొన్నా అది వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. అదే కార్డును మారకంలోనో విడిగానో తీసుకోవడం చాలా చవక. మిగిలిన సీడీలను ఏం చేయాలో తోచక అట్టపెట్టెల్లో పడేసేవాళ్లను చూస్తున్నాం. గ్రంథాలయాలకూ, కొత్తగా వినడం మొదలుపెట్టినవాళ్లకూ ఇస్తే నయం.

ప్రశ్న: మొదటి వారం టాప్ టెన్, రెండో వారం మాయం. మేం బద్ధకించామా?

జవాబు: లేదు. నెలల తరబడి పోగైన ప్రీఆర్డర్లన్నీ మొదటి వారంలోనే కుమ్మరించినట్టు పడతాయి, రెండో వారానికి మిగిలేది కొద్దిపాటి దుకాణం అమ్మకాలూ స్ట్రీమింగూ. కొంచెమైనా నిలబెట్టాలనుకుంటే అమెరికాలో ఉన్న స్నేహితులను రెండో కాపీ మొదటి వారంలో కాకుండా తర్వాతి శుక్రవారం దాటాక, రిపోర్టు పంపే దుకాణానికి వెళ్లి కొనమనండి. ఆలస్యంగా పంపే వినైల్ ఇక్కడ అక్కరకొస్తుంది, అది బయల్దేరిన వారంలో ఆల్బమ్ మళ్లీ పైకి రావచ్చు. కొత్త పాటలు కలిపిన డీలక్స్ వస్తే సాధారణంగా పాత ఆల్బమ్ లెక్కలోనే కలుస్తుంది. పేరు మార్చి రీప్యాకేజ్‌గా వస్తే హాంటియోలో అది వేరే ఆల్బమ్, దాని చోదోంగ్ సున్నా నుంచి మొదలు.